మూడో సిలిండరుపై శాఖాపరమైన విచారణ

గోపన్‌పల్లిలో ఒక అపార్టుమెంటు సి బ్లాకులో ఉండే రామ్మోహనరావుగారు ముప్ఫై ఆరేళ్లు ప్రభుత్వోద్యోగం చేసి, అందులో పందొమ్మిదేళ్లు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లోనే గడిపి, సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలి, ఎవరిని లేపి ఏ జిల్లాకు పంపాలి, ఎవరి మీద ఏ ఆరోపణ ఎన్ని పేరాల్లో రాయాలి అనే విషయాలు తేలే చోటు అది. తేల్చేది పైవారేననుకోండి. కాని పైవారు సంతకం పెట్టే కాగితం పుట్టేది మాత్రం అక్కడే.

రిటైరయ్యాక ఆయనకు మిగిలిన పదవి ఒకటే ఒకటి. రోజూ పొద్దున్న ఎనిమిదీ పదికి తన వెండిరంగు చిన్నకారులో కూతురు ఆమనిని, పక్క బ్లాకు ప్రశాంతిని, కింది ఫ్లాటు రోహిత్‌ని ఎక్కించుకుని హైటెక్ సిటీలో ఒకే ఐటీ పార్కుకున్న మూడు గేట్ల దగ్గర ముగ్గురినీ దింపి రావడం. దీనికి జీతం లేదు, భత్యం లేదు, సెలవు పెట్టుకునే సదుపాయం అంతకన్నా లేదు. అయినా ఏడున్నరకల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎనిమిదికి సెల్లారులో బండి పక్కన నిలబడేవారు. ఉద్యోగంలో ఉండగా ఆయన ఏనాడూ ఇంత వేళకు బయల్దేరలేదని భార్య బాలాత్రిపురసుందరిగారు ఎవరూ అడక్కపోయినా సాక్ష్యం చెబుతూ ఉంటారు.

నిజానికి ఆ ఇంట్లో ఆయన చెయ్యదగ్గ పనులన్నీ ఒక్కొక్కటే ఆయన్ని దాటుకుని వెళ్లిపోయాయి. కూరగాయలు ఫోనులోంచి వస్తాయి. కరెంటు బిల్లు తనంతట తనే కట్టుకుంటుంది. పాల ప్యాకెట్లు తెల్లారకుండానే తలుపుకు వేలాడుతుంటాయి. ఆయన లేకపోతే కదలనిది ఆ కారొక్కటే. దానికి పద్నాలుగేళ్లు నిండాయి. ఇప్పుడు ఆయన ఉన్నా కదలనని మొరాయిస్తోంది.

ఆగస్టు చివరి మంగళవారం, గచ్చిబౌలి ఫ్లైఓవరు ఎక్కుతుండగా, ఏసీ ఆన్‌లో ఉండగా, నలుగురు మనుషుల బరువు మీద ఉండగా, బండికి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. స్టీరింగు వణికింది, సీట్లు వణికాయి, రోహిత్ చేతిలోని కాఫీ కప్పు మూత ఊడింది. మీటర్ల మధ్య పసుప్పచ్చటి ఇంజను దీపం ఆగి ఆగి వెలుగుతోంది. వెనకాల హారన్లు.

"అంకుల్, మసాజ్ ఫ్రీయా, లేక నెలాఖర్లో కలిపి తీసుకుంటారా?" అన్నాడు రోహిత్.

ప్రశాంతి కళ్లు మూసుకుంది. ఆమని ఏమీ అనలేదు. రామ్మోహనరావుగారికి భయం వేసింది అందుకే. తిట్టే మనిషి తిట్టకుండా ఊరుకుందంటే ఫైలు పైకి వెళ్లిందని అర్థం.

ఆ సాయంత్రం టీ తాగుతూ ఆమని తేల్చేసింది.

"ఏడాదిలో ఇది మూడోసారి నాన్నా. సోమవారం ఒకటో తారీఖు. మా ఐటీ పార్కు క్యాబ్ రోస్టరు శుక్రవారం సాయంత్రం ఆరింటికి మూసేస్తారు. ఈలోగా బండి బాగైందని నువ్వు చెబితే సరే. లేకపోతే నేను క్యాబ్‌లో పేరు రాయించేసుకుంటాను. వాళ్లిద్దరూ కూడా అదే అనుకుంటున్నారు."

"వారం పాటు రాయించుకో. ఈలోగా నేను..."

"వారానికి ఉండదు. నెలకే. నెలయ్యాక మళ్లీ ఈ బండి ఎక్కమంటే ఎవరెక్కుతారు?"

అది నిజం. ప్రభుత్వం వారు అరవై ఒకటో ఏట ఆయన్ని పూలదండ వేసి పంపించారు. ఈ రెండో రిటైర్మెంటుకు దండ కూడా ఉండేలా లేదు.

ఆ కారుకు ఒక ఫైలుంది. ఫైలంటే ఫైలే: అట్ట, ట్యాగు, పేజీ నంబర్లు. ఆయన దాన్ని తీసి వెనకటి చరిత్ర చదువుకున్నారు.

కిందటేడు జులైలో మొదటిసారి ఇలాగే ఎక్కిళ్లు పెడితే యూనివర్సిటీ ప్రహరీ దాటాక మలుపులో రేకుల షెడ్డున్న మెకానిక్ రామచంద్రం దగ్గరికి తీసుకెళ్లారు. అతను స్కానరు తగిలిస్తే పీ సున్నా మూడు సున్నా మూడు అని వచ్చింది. మూడో సిలిండరులో పెట్రోలు సరిగ్గా అంటుకోవడం లేదని దానర్థమట. జీవో నంబరులా గంభీరంగా ఉన్న ఆ అంకె రామ్మోహనరావుగారికి చూడగానే నచ్చింది. ఈ బండిలో నాలుగు సిలిండర్లు, ఒక్కోదాని నెత్తిన ఒక్కో కాయిల్, దాని కింద ప్లగ్గు. కాయిల్ కరెంటు ఇస్తే ప్లగ్గు నిప్పు రాజేస్తుంది. ఇప్పుడు తప్పు కాయిల్‌దా, ఇంకోదానిదా?

"మూడోదాన్ల కాయిల్ తీసి ఒకటోదాన్ల పెడ్త సార్. ఒకటోది మూడోదాన్ల. బీమారీ కాయిల్‌తోని పోయిందనుకో, కాయిల్ ఖరాబ్. అక్కడ్నే ఉన్నదనుకో, కాయిల్ మంచిదే," అన్నాడు రామచంద్రం.

రామ్మోహనరావుగారు పరవశించిపోయారు. ఇది బదిలీ. శుద్ధమైన, పరిపాలనా కారణాల రీత్యా జరిగే బదిలీ. మనిషిని కదిపి చూస్తే తప్పు మనిషిదో కాదో తేలిపోతుందని పందొమ్మిదేళ్లు ఆయన నమ్మిన సూత్రాన్ని పెట్రోలు ఇంజను కూడా పాటిస్తోంది. కాయిల్ ఒకటో సిలిండరుకు మారింది, రోగం దానితోబాటే ఒకటో సిలిండరుకు మారింది. స్కానరు మీద అంకె మూడు వందల ఒకటైంది. నేరం రుజువు. కాయిల్‌కి ఉద్వాసన, కొత్త కాయిల్‌కి నియామకం.

ఫిబ్రవరిలో మళ్లీ మూడోదే. ఈసారి విచారణ అంతా రామ్మోహనరావుగారే సెల్లారులో స్వయంగా జరిపారు. కాయిళ్లు ఊడదీసి, పాత బనీనుతో శుభ్రంగా తుడిచి, ఒక్కోదానికి దారంతో నంబరు చీటీ కట్టి, మార్చి చూశారు. నేరం మళ్లీ కాయిల్‌దే. తళతళలాడే దోషిని ప్లాస్టిక్ కవరులో పెట్టి రామచంద్రానికి అప్పజెప్పి కొత్తది తెచ్చుకున్నారు.

ఇప్పుడు మూడోసారి. ఆరు నెలలకొక కాయిల్ చస్తోందంటే దానికి కారణం ఒకటే: రామచంద్రం డూప్లికేట్ సరుకు అంటగడుతున్నాడు. మంగళవారం టీ గ్లాసు పక్కన పెట్టి ఆయన కూర్చున్న చోటునుంచి కదలకుండా చార్జి మెమో రాశారు. నాలుగు పేరాలు. చివర్లో "తమ వివరణను ఈ మెమో అందిన మూడు రోజులలోగా లిఖితపూర్వకంగా సమర్పించని యెడల" అన్న వాక్యం కూడా వేశారు. చాలా ఏళ్ల తర్వాత చెయ్యి హాయిగా నడిచింది.

"ఏవండీ, ఇది మెకానిక్‌కి ఇస్తారా?" అని బాలాత్రిపురసుందరిగారు చదివి అడిగారు.

"ఇస్తాను."

"అతను మంచివాడు. మొన్న మన కుక్కరు మూత కూడా బాగుచేసి పైసా తీసుకోలేదు."

"కుక్కరు వేరే ఫైలు," అన్నారాయన.

బుధవారం పొద్దున్న ముగ్గురు ప్రయాణికులూ ఆటో మాట్లాడుకుని వెళ్లిపోయాక, బండిని ఎక్కిళ్లతోనే షెడ్డుకు నడిపించుకెళ్లారు. రామచంద్రం యాభై దాటిన మనిషి, పుట్టింది ఈ గోపన్‌పల్లిలోనే. ఇప్పుడు సి బ్లాకు ఉన్నచోట వాళ్ల నాయిన జొన్న వేసేవాడని ఒకసారి మాటల్లో చెప్పాడు. ఆ తర్వాత లిఫ్టు ఎక్కినప్పుడల్లా రామ్మోహనరావుగారికి కాస్త ఇబ్బందిగా ఉంటుంది.

రామచంద్రం మెమో అందుకుని, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, వెలుతురుకు పట్టుకుని చదివాడు. రెండోసారి చదివాడు.

"సార్, ఇది తెలుగేనా?"

"తెలుగే."

"యెడల అంటే ఏంది?"

"అంటే... నువ్వు జవాబు చెప్పకపోతే అని."

"గా మాట నోటితోని అడగొచ్చు గద సార్. నేనేమన్న లండన్ల ఉన్ననా?"

రామచంద్రం బల్ల కింద డబ్బాలోంచి రెండు ఖాళీ అట్టపెట్టెలు, రాణిగంజ్ దుకాణం రసీదులు తీసి బానెట్ మీద పెట్టాడు. ఫిబ్రవరిలో అప్పజెప్పిన దోషి కూడా చీటీతో సహా అక్కడే ఉంది. పెట్టెల మీద కంపెనీ ముద్ర, అంకెలు, గీతలు అన్నీ సక్రమంగా ఉన్నాయి.

"మాల్ అసలుదే. అసలుదాన్నే ఏందో చంపుతున్నది." అతను నడుం మీద చేతులు పెట్టుకుని ఇంజను వైపు చూశాడు. "సార్, ఒక్క మాట చెప్పుండ్రి. ఇప్పటికి ఎన్ని సచ్చినయ్?"

"ఇది మూడోది."

"యాడ సచ్చినయ్?"

"మూడో సిలిండరులో."

"మూడు గదే జాగల. ఒకటో నంబర్ల ఒక్కటన్న సచ్చిందా? నాలుగుల?"

"లేదు."

"మరి ఆ జాగ ఎట్లున్నదో ఎవలన్న సూసిన్రా?"

ఎవరూ చూడలేదు. రామచంద్రం మూడో కాయిల్ బోల్టు విప్పి, మెల్లగా తిప్పుతూ పైకి లాగాడు. దాని కింద వేలాడే రబ్బరు గొట్టం నల్లగా, జిడ్డుగా, ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. తర్వాత టార్చి వేసి ఆ గుంటలోకి చూడమన్నాడు. రామ్మోహనరావుగారు కళ్లద్దాలు సర్దుకుని వంగి చూశారు. ప్లగ్గు కనిపించాల్సిన చోట నల్లటి నూనె నిలబడి, టార్చి వెలుగుకు చిన్న చెరువులా మెరుస్తోంది.

"ఇంజన్ ఆయిల్. పైన ట్యాపెట్ కవర్ ఉన్నది గద, దాని కింద ప్యాకింగ్ ఉంటది. రబ్బర్‌ది. పద్నాలుగేండ్లు ఎండకి, వేడికి కాలి గాజు లెక్కయింది. ఆడికెల్లి సుక్క సుక్క ఈ గుంతల దిగుతున్నది. నూనెల నానితే రబ్బర్ ఉబ్బుతది. కరెంట్ కిందికి పోవుడు ఇడిసిపెట్టి పక్కకు దుంకుతది. కాయిల్ ఇంకింత జోర్ వెడ్తది, కాల్తది, సస్తది. ఎంత మంచి కాయిల్ తెచ్చి పెట్టినా అంతే సార్. ఇస్కూల్ ఫస్ట్ వచ్చినోన్ని తెచ్చి ఆడ కూసోబెట్టినా సస్తడు."

"మరి జులైలో నీకు కనపడలేదా?"

"జర్రంత తడి ఉండె. బండ్లు లైన్‌ల ఉన్నయని పట్టించుకోలె. తప్పు నాదే. కని ఫిబ్రవరిల జూస్తే తెల్సిపోవు." అతను చీటీ కట్టిన పాత కాయిల్ చేతిలోకి తీసుకున్నాడు. "మీరేమో దీన్ని తానం చేపిచ్చి తెస్తిరి."

ముప్ఫై ఆరేళ్లలో రామ్మోహనరావుగారు పైఅధికారి ముందు మురికి కాగితం ఒక్కటి పెట్టలేదు. సాక్ష్యాన్ని శుభ్రం చేసి సమర్పించడం ఆయనకు మర్యాద. కేసు మొత్తం ఏ జిడ్డులో ఉందో ఆ జిడ్డునే పాత బనీనుతో తుడిచేసి, పైగా చీటీ కట్టారు.

రామచంద్రం స్పానర్లు పరిచి కవరు విప్పడం మొదలుపెట్టాడు. రామ్మోహనరావుగారు పాత టైరు మీద కూర్చున్నారు. ఎదురుగా ఆ గుంట కనిపిస్తూనే ఉంది. చూడకుండా ఉండాలని చూశారు గాని కళ్లు అటే పోయాయి.

వాళ్ల ఆఫీసులో సి-3 అని ఒక సీటుండేది. పెన్షను బకాయిల పని. ఆ సీటులో ఫైళ్లు పోయేవి, గడువులు దాటేవి, ముసలివాళ్లు వరండాలో నిలబడి ఏడ్చేవారు. మొదట అక్కడ కూర్చున్నతను తాగుబోతని రాసి పంపించారు. నిజానికి అతను ఆ సీటులోకి వచ్చాకే తాగడం మొదలుపెట్టాడేమో, ఎవరూ లెక్క చూడలేదు. రెండోవాడు సోమరి. మూడో మనిషి అనసూయమ్మ. భర్త పోతే కారుణ్య నియామకంలో వచ్చింది. రాత్రి ఎనిమిది దాకా కూర్చుని పనిచేసేది, అయినా ఫైళ్లు కదలలేదు. "అసమర్థురాలు, పరిపాలనా ప్రయోజనాల దృష్ట్యా బదిలీకి సిఫార్సు" అని రామ్మోహనరావుగారు రెండు వరసల నోటు రాశారు. ఆమెకు ఇద్దరు చిన్నపిల్లలు. పంపింది ఆసిఫాబాదు దాటి ఇంకో బస్సు ఎక్కాల్సిన చోటికి. వెళ్లే ముందు ఆమె ఆయన బల్ల దగ్గరికి వచ్చి, "నేను వెళ్లాక వచ్చేవాళ్లకైనా ఇంకొక మనిషిని ఇవ్వండి సార్" అని మాత్రం అంది.

ఆ తర్వాత ఏడాది సి-3 పని నాలుగు సీట్లకు పంచారు. ఒక మనిషి చెయ్యదగ్గ పనికి మూడురెట్లు అక్కడ పేరుకుపోయిందని లెక్కలతో సహా ప్రతిపాదన రాసింది రామ్మోహనరావుగారే. దానికి మెచ్చుకోలు కూడా వచ్చింది. ఆ ప్రతిపాదన, అంతకుముందు రాసిన ఆ మూడు నోట్లూ ఒకే చేతివే. ఒకే అలమరలో ఉన్నాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చదవడం మాత్రం ఇవాళ, ఒక పాత టైరు మీద కూర్చుని, మొదటిసారి జరిగింది.

అనసూయమ్మ ఇప్పుడు ఎక్కడుందో ఆయనకు తెలియదు. పాత ఆఫీసు స్నేహితులు ఇద్దరికి ఫోన్ చేస్తే తెలిసిపోతుంది. అంత సులువుగా తెలిసిపోతుందనేదే ఆయనకు ఇబ్బందిగా ఉంది.

"చాయ్ తాగుతరా సార్? మొఖం ఏందో గట్లున్నది. ప్యాకింగ్ ఎంతనో కాదు, ఫికర్ చెయ్యకుండ్రి."

"తాగుతాను," అన్నారాయన. "ఆ మెమో ఇలా ఇవ్వు, వాపసు తీసుకుంటాను."

"ఉండనియ్యుండ్రి. కాగితం మంచి మందం ఉన్నది." రామచంద్రం దాన్ని అప్పటికే మడిచి ఇంజన్ ఆయిల్ కొలిచే పుల్ల తుడుస్తున్నాడు.

ప్యాకింగు గురువారం రాణిగంజ్ నుంచి వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నానికి గుంట కడిగి, ఆరబెట్టి, ప్లగ్గు మార్చి, కవరు బిగించారు. ఇక మిగిలింది కొత్త కాయిల్. అది దుకాణంలో అయిపోయింది, సోమవారం గాని రాదు. అప్పటిదాకా సగం చచ్చిన పాత కాయిల్‌కే కొత్త రబ్బరు తొడిగి పెట్టాడు రామచంద్రం. ఇద్దరూ కలిసి ఫ్లైఓవరు ఎక్కించి చూశారు. మొదటిసారి బండి నున్నగా వెళ్లింది. రెండోసారి ఏసీ వేసి ఎక్కిస్తే సరిగ్గా నడినెత్తిన, చిన్న పిల్లాడు నిద్రలో ఉలిక్కిపడ్డట్టు, ఒక్కసారి ఉలిక్కిపడింది. మళ్లీ ఏమీ లేదు.

"ఎక్కిలి వెట్టిందా?" అన్నాడు రామచంద్రం.

"నాకూ అలాగే అనిపించింది."

షెడ్డుకు తిరిగొచ్చేసరికి అయిదూ ఇరవై. ఫోను మోగింది. ఆమని.

"నాన్నా, రోస్టరు విండో ముందు పెట్టుకుని కూర్చున్నాను. బండి బాగైందా? అయ్యిందంటే మూసేస్తాను."

ఒక్క మాట. ఈ మాటను ఆయన తన సర్వీసులో కొన్ని వేలసార్లు రాశారు. "తగు చర్య తీసుకొనబడినది." అది రాస్తే పైవారు సంతోషించేవారు, కిందివారు ఊపిరి పీల్చుకునేవారు, ఫైలు మూసుకునేది. ఇప్పుడు ఆ మాట అంటే సోమవారం ఎనిమిదీ పదికి ఆయన కుర్చీ ఆయనకుంటుంది. శని, ఆదివారాలు బండి ఎలాగూ ఎక్కరు. సోమవారం ఒక్కరోజు అదృష్టం బాగుంటే మంగళవారానికి కొత్త కాయిల్ పడిపోతుంది. నూటికి తొంభైపాళ్లు ఏమీ కాదు కూడా.

ఫ్లైఓవరు నడినెత్తిన ప్రశాంతి కళ్లు మూసుకోవడం గుర్తొచ్చింది.

"తెలీదమ్మా," అన్నారు.

"తెలీదేంటి?"

"రోగం ఎక్కడుందో దొరికింది. దాన్ని బాగుచేశారు. కాని కాయిల్ పాతదే ఉంది, కొత్తది సోమవారం వస్తుంది. ఇందాక ఒకసారి ఎక్కిలి పెట్టింది. నలుగుర్ని ఎక్కించి పూచీ పడలేను. క్యాబ్‌లో పేరు రాయించుకో."



"నెలంతా నాన్నా."

"నెలంతా రాయించుకో. వాళ్లిద్దరికి కూడా చెప్పు."

ఫోను జేబులో పెట్టుకున్నారు. రామచంద్రం రెంచి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఏంది సార్, మంచిగైందంటే అయిపోవు గద. సోమారం దాక ఎట్లనో నడుస్తుండె."

"అలా రాసే ఒక సీటులోంచి ముగ్గుర్ని పంపించాను," అన్నారు రామ్మోహనరావుగారు. రామచంద్రానికి అర్థం కాలేదు. అతను చాయ్ చెప్పాడు.

సోమవారం ఏడూ యాభైకి తెల్ల క్యాబొకటి గేటు ముందు హారన్ కొట్టి ముగ్గురినీ తీసుకుపోయింది. రామ్మోహనరావుగారు అలవాటు చొప్పున ఇస్త్రీ చొక్కా వేసుకుని సెల్లారులోకి దిగి, పని ఏమీ లేక కారు అద్దాలు తుడిచారు. "చొక్కా మార్చుకుని రండి, ఉప్మా చల్లారిపోతోంది," అని పైనుంచి బాలాత్రిపురసుందరిగారు ఫోను చేశారు. ఆమె గొంతులో వెటకారం లేకపోవడంతో ఆయనకు ఇంకా బాధేసింది.

పదకొండుకు కొత్త కాయిల్ పడింది. ఏసీ పూర్తిగా పెట్టి, ఒక్కరే, ఫ్లైఓవరు మూడుసార్లు ఎక్కి దిగారు. నలుగురి బరువు కోసం వెనకసీటులో రెండు బియ్యం బస్తాలు కూడా వేసుకున్నారు. బియ్యం ఏమీ మాట్లాడలేదు. బండి కూడా ఏమీ మాట్లాడలేదు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆయన ఆమనికి చెప్పింది ఇంతే: "మూడుసార్లు ఎక్కాను. మూడుసార్లూ ఊరుకుంది. రేపు ఏమంటుందో తెలీదు."

ఆమని ఆవకాయ కలుపుకుంటూ తలూపింది.

మంగళవారం ఏడూ యాభైకి గేటు దగ్గర హారన్ వినిపించింది. ఒకసారి, రెండుసార్లు. తర్వాత క్యాబు వెళ్లిపోయిన చప్పుడు. ఎనిమిదీ పదికి సెల్లారులో లిఫ్టు తలుపు తెరుచుకుని ఆమని వచ్చి ముందుసీటులో కూర్చుని బ్యాగు ఒళ్లో పెట్టుకుంది.

"క్యాబో?" అన్నారు రామ్మోహనరావుగారు.

"వెళ్లిపోయింది. రాలేదని నో-షో వేశారు నాకు."

"అయ్యో, వేస్తే?"

"మూడు నో-షోలు పడితే రోస్టరు నుంచి వాళ్లే పేరు తీసేస్తారు. మనం అర్జీ పెట్టక్కర్లేదు." ఆమె సీటుబెల్టు లాక్కుంది. "గురువారానికి అయిపోతుంది."

ఆయన కూతురి వైపు చూశారు. ఇంత సలక్షణమైన పద్ధతి ప్రకారం ఒక ఉద్యోగి తనను తానే తొలగింపజేసుకోవడం ఆయన సర్వీసులో చూడలేదు.

"నిజంగా ఎక్కుతావా? నేను బాగైందని చెప్పలేదు."

"ఫిబ్రవరిలో బాగైందన్నావు. కిందటేడు జులైలో బాగైందన్నావు. మొన్న తెలీదన్నావు చూడు, అందుకని ఎక్కాను. పోనీ నాన్నా, తొమ్మిదింటికి కాల్ ఉంది."

"వాళ్లిద్దరూ?"

"ప్రశాంతి వారం చూస్తానంది. రోహిత్‌కి క్యాబ్‌లో నిద్రపోవచ్చని తెలిసిపోయింది. వాడు రాడు."

ఒక సీటు శాశ్వతంగా పోయింది, ఒకటి పరిశీలనలో ఉంది. ముప్ఫై మూడు శాతం సిబ్బందితో రామ్మోహనరావుగారు తాళం తిప్పారు. ఇంజను అందుకుంది. గేరు వెయ్యకుండా, కిటికీ అద్దం దించి, తల కాస్త బయటికి పెట్టి, ఒక నిమిషం విన్నారు. ఆమని తొందరపెట్టలేదు.